ఎలుక కదలడం తగ్గితే ఆందోళన తగ్గినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి భీమవరంలో బీఫార్మసీ చదువుతోందండి. చిట్టెలుకకి డయాజెపామ్ అనే ఆందోళన తగ్గించే మందు ఇచ్చి పెట్టెలో వదిలితే ఎన్నిసార్లు కదిలిందో మెషీన్ లెక్కపెడుతుందట, మందిచ్చాక లెక్క తగ్గిందట. అంటే ఎలుకకి ఆందోళన తగ్గినట్టేనా అంటే తనూ సరిగ్గా చెప్పలేకపోయింది. కదలికని బట్టి మందు గుణం ఎలా తెలుస్తుందండి?
– ఒక రైతు, పాలకొల్లు దగ్గర

జవాబు: మీ అనుమానం సరైనదేనండి. ఆ పెట్టె పేరు యాక్టోఫోటోమీటర్. లోపల ఈ గోడ నుంచి ఆ గోడకి కాంతి కిరణాలు పోతుంటాయి, ఎలుక వాటికి అడ్డొచ్చినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది. అంతే. మగతగా ఉండి కదల్లేదా, కండరాల పట్టు తప్పి కదల్లేదా, ఒంట్లో బాగోక మూలకి ముడుచుకుందా, భయంతో బిగుసుకుపోయిందా అన్నది ఆ అంకెలో ఉండదు.

అందుకే రోటారాడ్ కూడా చేస్తారు. తిరిగే కడ్డీ మీద ఎలుకని నిలబెట్టి ఎంతసేపటికి జారిపడుతుందో చూడటం. త్వరగా పడిపోతోందంటే మందు కండరాల మీదో, పడిపోకుండా నిలదొక్కుకోవడం మీదో పనిచేస్తోందన్నమాట.

ఇక ఆందోళన సంగతి. ఇంట్లో ఎలుక గోడవారనే పరుగెడుతుంది గానీ గది మధ్యలోంచి పోవడానికి జంకుతుంది, ఇది మీకు నాకన్నా బాగా తెలుసు. ఓపెన్ ఫీల్డ్ పరీక్షకి ఆధారం ఈ జంకే. 1934లో కాల్విన్ హాల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల బెదురుని కొలవడానికి దీన్ని వాడారు. ఎలుకని ఖాళీ మైదానం లాంటి పెట్టెలో వదిలితే, మొత్తం తిరుగుడు పెద్దగా మారకుండా మధ్యలో గడిపే సమయం పెరిగిందనుకోండి, అప్పుడు ఆందోళన తగ్గిందనడానికి కాస్త బలం వస్తుంది. డయాజెపామ్ మోతాదు పెరిగితే మాత్రం మగత కమ్మేసి ఏదీ తేలదు, అందుకని రెండు మూడు మోతాదులు వేసి చూడాల్సిందే.

ఇంకోటి, ఎలుక రాత్రిపూట తిరిగే జీవి. ఒక గుంపుని పొద్దున, ఇంకో గుంపుని సాయంత్రం పరీక్షిస్తే తేడా మందుదో వేళదో చెప్పలేం. ఉత్త సెలైన్ ఇచ్చిన గుంపుని కూడా అదే వేళకి, అదే వెలుతురులో చూడాలి. ఈ జాగ్రత్త తప్పిందా, ఆ ప్రాణులని ఊరికే బాధపెట్టినట్టే, నాకు మనసు కష్టమయ్యేది ఇక్కడే.

మీ అమ్మాయి చేసింది ఆ యాక్టోఫోటోమీటర్ పరీక్ష ఒక్కటే అయితే రికార్డులో "కదలిక తగ్గింది" అని మాత్రమే రాయమనండి. "ఆందోళన తగ్గింది" అని రాయొద్దు.