నలుగురితో కూర్చొని వాయించు, బిడ్డా

చిరంజీవి మనవడికి,
తాత ఆశీస్సులు.

నువ్వు పంపిన డోలక్ వీడియోలన్నీ చూశాను. చేయి బాగా తిరుగుతోంది. కహర్వా తాళం ఎనిమిది మాత్రలు (లెక్కలు), దాద్రా తాళం ఆరు మాత్రలు తడబడకుండా వేస్తున్నావు. చాలా సంతోషం. కానీ అన్నీ ఫోన్‌లో పాట పెట్టుకొని గదిలో ఒక్కడివే వాయించినవి. ఇక నువ్వు పాడేవాళ్ళ పక్కన, హార్మోనియం పక్కన కూర్చోవాలి. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

రికార్డులో పాడే మనిషికి నీ డోలక్ వినబడదు. నువ్వు గట్టిగా కొట్టినా ఆయనకు ఇబ్బంది లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి అట్లా కాదు. చరణం చివర ఒక మాటను సాగదీస్తాడు, ఊపిరి తీసుకుంటాడు, మనసు పడితే అదే పాదం మళ్ళీ ఎత్తుకుంటాడు. సరిగ్గా అక్కడే నువ్వు దరువు మార్చావనుకో, పాట విరిగిపోతుంది. ఆయన మొహం చూడు, చేయి చూడు. ఊపిరి తీసుకోబోతున్నాడని తెలిసినప్పుడు ఏ దెబ్బ వేయాలో, ఏది వదిలేయాలో నీకే తోస్తుంది. టక్ టక్‌మని సమానంగా లెక్క కొట్టే మెట్రోనోమ్ యాప్ మంచిదే, రోజూ పెట్టుకో, లయ నిలబడుతుంది. ఎక్కడ ఆగాలో మాత్రం పాడేవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

ముందు మీ వాడకట్టు భజనకు పో. మన హనుమకొండ, వరంగల్ దిక్కు శనివారం సాయంత్రం ఆంజనేయస్వామి గుడికి పోతే ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు. పోగానే డోలక్ అడగకు. కొన్ని వారాలు తాళాలు పట్టుకో. ప్రతి పాటా తాళం మొదటి దెబ్బ మీదే మొదలు కాదు. కొన్ని పాటలు దెబ్బ పడ్డాక ఎత్తుకుంటారు, దాన్ని అనాగతం అంటారు. కొన్ని దెబ్బకు ముందే ఎత్తుకుంటారు, అది అతీతం. పుస్తకంలో చదివితే టెన్షన్ పడతావు గానీ, తాళాలు వేస్తూ గొంతు కలిపితే నెమ్మదిగా ఒంట్లోకి దిగుతుంది. వాయించే ప్రతి పాటా నీకు నోటికి రావాలి. గొంతు బాగుండాల్సిన పని లేదు.

శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పట్టుకునే స్వరం, దాని సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు అది బాధ. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడుతారు. ఆడవాళ్ళు నాలుగున్నర, ఐదు, ఐదున్నర. పాట మొదలయ్యే ముందు హార్మోనియం ఆయన్ను షడ్జమం, అంటే 'స', పట్టుమని అడిగి, డోలక్ కుడివైపు దానికి బిగించుకో. ఆడవాళ్ళ పాట వస్తే మళ్ళీ సరిచూసుకో. అడగడానికి మొహమాటపడకు, మంచి వాద్యగాళ్ళు అట్లా అడిగేవాణ్ణే ఇష్టపడతారు.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయి, మల్లన్న కథలు పాడే ఒగ్గువాళ్ళ డోలు విను. ఒగ్గుకథలో కథకుడు మాట చెబుతున్నప్పుడు డోలు తగ్గుతుంది, పాట అందుకోగానే లేస్తుంది, యుద్ధ ఘట్టంలో ఇక ఆపతరం కాదు. చుక్క సత్తయ్య గారి ఒగ్గుకథ వీడియోలు దొరికితే ఒకసారి కథ కోసం చూడు, ఇంకోసారి వెనక డోలువాళ్ళను మాత్రమే చూడు. ఆయన కథను అంత ఎత్తుకు తీసుకుపోవడంలో వాళ్ళ చెవుల పాత్ర ఎంతో అర్థమవుతుంది. 1213లో కట్టిన రామప్ప గుడి శిల్పాల్లోనూ అంతే, నాట్యం చేసేవాళ్ళ పక్కనే మద్దెలవాళ్ళు ఉంటారు.

డప్పు నేర్చుకుంటానన్నావు. తప్పకుండా నేర్చుకో, గుంపులోనే నేర్చుకో. వాయించే ముందు అందరూ మంట దగ్గర చేరి డప్పులు కాచుకుంటారు. ఒక్క డప్పు మెత్తబడి ఉన్నా మొత్తం మోతలో తేడా తెలిసిపోతుంది. ముందు నిలబడ్డ మనిషి సిర్రతో, అంటే డప్పు కొట్టే కర్రతో, దరువు మారుస్తాడు, మిగతావాళ్ళు ఆ క్షణమే అందుకోవాలి. ఇంకో మాట. ఊరికి పండుగైనా చావైనా డప్పు కావాలి, కానీ ఆ డప్పు కొట్టినవాళ్ళను మన ఊళ్ళు ఎన్నో ఏండ్లు గుడి బయటే నిలబెట్టాయి. నువ్వు వాళ్ళ దగ్గర నేర్చుకుంటే గురువుకిచ్చే మర్యాద ఇవ్వు. భజనకు పిలువు, నీ పక్కనే కూర్చోబెట్టు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం అనే ఆటపాటల సభల వేదికల మీద డప్పు, డోలక్, గజ్జెలు ఒకచోట మోగాయి. ఆ కలయిక వేదికల మీదే ఆగిపోకూడదని నా కోరిక.

పెండ్లిళ్ళలో ప్యాడ్స్, కీబోర్డు వాయించే స్నేహితులు పిలిస్తే కూడా పో. అక్కడ మైకులు ఉంటాయి కాబట్టి గట్టిగా కొట్టక్కర్లేదు. పాటలో మాటలు నడుస్తున్నంతసేపూ దరువు సాదాగా ఉంచు. నీ చేతి పనితనం పాదానికీ పాదానికీ మధ్య ఖాళీలో చూపించు. నిన్ను ఒంటరిగా వాయించమని వాళ్ళే అడిగే రోజు వస్తుంది, అప్పటిదాకా ఆగు.

భజన అయిపోగానే డోలక్ సంచీలో పెట్టుకొని వచ్చేయకు. పాడినాయన దగ్గర కూర్చొని, ఎక్కడ అడ్డం వచ్చానని అడుగు. ఆయన చెప్పిన చోటును రాసుకొని, వచ్చే వారం అదే పాట మళ్ళీ ఎత్తుకోమని అడుగు.

ఇట్లు,
మీ తాత