సగం ఎండిన పెరటి బత్తాయి, నిమ్మ చెట్లను మొదలంటా నరికి చిగురింపజేయొచ్చా?

నరకొద్దు. ఏళ్ల తరబడి నీరూ ఎరువూ లేకపోయినా బెరడు కింద ప్రాణం ఉంటే చెట్టు తేరుకుంటుంది. కొమ్మను గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు.

మొదట్లోంచి ముళ్ల కొమ్మలు ఏపుగా లేచి ఉంటే, ముందు వాటి సంగతి చూడండి. అంటు మొక్కయితే మొదలు దగ్గర బెరడు రంగో లావో మారే చోటు కనిపిస్తుంది. అదే అంటు. దాని కింద పుట్టినవన్నీ వేరుమూలం (అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్క) కొమ్మలు, వాటికి బత్తాయి కాయదు. పైపైన కత్తిరిస్తే ఒకటి పోయి నాలుగొస్తాయి కాబట్టి పుట్టినచోటికే కోసేయాలి, లేతవైతే చేత్తో పీకేయాలి. అంటు పైభాగం మొత్తం చచ్చిపోయి ఉంటే ఆ చెట్టు మీద శ్రమ దండగే. మళ్లీ అంటు కట్టగలిగితే వేరే మాట.

ఎండు కొమ్మలను పచ్చి భాగంలోకి అంగుళం లోపలికి కోయండి. పచ్చి కొమ్మలు మాత్రం ఒక ఏడాదిలో నాలుగో వంతుకు మించి తీయొద్దు. నీడ ఒక్కసారిగా పోతే ఎండకు బెరడు పగులుతుంది. బయటపడ్డ లావు కొమ్మలకు సున్నం పూయండి.

పెద్ద కోతలకు బోర్డో పేస్టు రాయాలి. కిలో మైలుతుత్తం 5 లీటర్ల నీళ్లలో, కిలో సున్నం మరో 5 లీటర్లలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ ప్లాస్టిక్ బకెట్లో పోసి కలపండి. ఇనుప పాత్ర వాడొద్దు. శుభ్రమైన చాకు ముంచి తీస్తే రాగి రంగు పట్టిందా, సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త వేయండి.

మొదలు చుట్టూ మట్టి ఎగదోసి ఉంటే తీసేసి, అంటు బయటికి కనిపించేలా చూడండి. అక్కడ తడి నిలిస్తే బంక తెగులు వస్తుంది. నీళ్లు కొమ్మల అంచు కింద పాదు చేసి పోయాలి. పీల్చే వేర్లు పైపైనే ఉంటాయి, పారతో లోతుగా తవ్వితే తెగిపోతాయి. గడ్డిని కోసి అక్కడే పరిచేయడం మేలు.

ఎరువుకు తొందరపడొద్దు, కొత్త చిగురు కనిపించాకే కొద్దికొద్దిగా వేయండి. ముదురాకులు సమానంగా పసుపెక్కితే నత్రజని లోపం. లేతాకులు చిన్నవై ఈనెల మధ్య పసుపెక్కితే జింకు లోపం. ఆకు నడిమి ఈనెకు రెండువైపులా పొంతన లేని మచ్చలతో పసుపెక్కి, కాయ వంకరగా చిన్నగా ఉంటే గ్రీనింగ్ తెగులేమో పరీక్ష చేయించండి. అదే అని తేలితే మందు లేదు. పక్క చెట్లకు అంటకముందే వేళ్లతో సహా తీసేయాలి.