డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంటర్వ్యూకు పది రోజులే ఉంటే ఎలా సిద్ధం కావాలి?

మీరు బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసి, అమీర్‌పేటలో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సు నేర్చుకుని, పది రోజుల్లో గచ్చిబౌలిలోని ఒక కంపెనీకి డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంటర్వ్యూకు వెళ్లబోతున్నారు. రెండు వందల ప్రశ్నలూ జవాబులూ ఉన్న పీడీఎఫ్‌ను కంఠస్థం చేస్తున్నానని, అది సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నేనూ అటువంటి పుస్తకాన్నే బట్టీ పట్టి నా మొదటి ఇంటర్వ్యూలో తప్పాను. ఆ తరువాత సర్వీస్ డెస్క్‌లో ఐదేళ్లు పనిచేశాను. గత నాలుగేళ్లుగా కొత్తవారిని ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చుంటున్నాను కనుక, రెండు వైపుల నుంచీ చూసినది చెబుతాను.

ఆ మొదటి ఇంటర్వ్యూలో డీహెచ్‌సీపీ అంటే ఏమిటి, రిమోట్ డెస్క్‌టాప్ ఏ పోర్టులో పనిచేస్తుంది వంటివి అడిగినంతసేపూ తడుముకోకుండా చెప్పాను. తరువాత ఇంటర్వ్యూ చేస్తున్నాయన, "ఒక యూజర్ ఫోన్ చేసి ఇంటర్నెట్ రావడం లేదన్నారు. మీరేం చేస్తారు?" అని అడిగారు. నేను వెంటనే పింగ్, ట్రేస్‌రూట్, డీఎన్‌ఎస్ ఫ్లష్ అంటూ నాకు వచ్చిన కమాండ్లన్నీ ఏకరువు పెట్టాను. ఆయన ఓపికగా విని, "ఆ యూజర్ ఒక్కరికే రావడం లేదా, ఆ ఫ్లోర్‌లో అందరికీ రావడం లేదా అని మీరు అడగనే లేదు. నిన్నటి దాకా వచ్చిందా అనీ అడగలేదు" అన్నారు. ఆ మాట నేను ఈనాటికీ మరవలేదు. ఇప్పుడు నేను ఎవరినైనా ఇంటర్వ్యూ చేసినప్పుడు మొదట చూసేది కూడా అదే. అభ్యర్థి నోటి నుంచి తొలుత జవాబు వస్తోందా, యూజర్‌ను అడగవలసిన ప్రశ్న వస్తోందా అన్నదే నాకు ముఖ్యం.

ఒక్కరికేనా, అందరికీనా అన్న ప్రశ్నకు అంత విలువ ఎందుకంటే, దానితో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది. అందరికీ ఆగిపోతే స్విచ్, రౌటర్, సర్వీస్ ప్రొవైడర్ల వైపు చూడాలి. ఒక్కరికే అయితే ఆ కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టి, కేబుల్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే ఐపీ చిరునామాను పరిశీలించాలి. అది 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి చిరునామా అందలేదని, విండోస్ తనంతట తాను ఒకటి పెట్టుకుందని అర్థం. చిరునామా సరిగ్గానే ఉంటే, నెట్‌వర్క్ నుంచి బయటికి దారి అయిన గేట్‌వేను పింగ్ చేయాలి, అంటే అది జవాబిస్తుందో లేదో చూడాలి, ఆ తరువాత బయటి ఐపీని పింగ్ చేయాలి. ఐపీకి వెళ్తూ పేరుతో వెళ్లకపోతే లోపం సైటు పేరుకు ఐపీని వెతికిచ్చే డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. చాలా కంపెనీల్లో ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకుంటుంది కనుక జవాబు రానంత మాత్రాన దారి మూసుకుపోయినట్లు కాదని కూడా చెప్పగలిగితే, మీరు దీన్ని పుస్తకంలో చదివి రాలేదని, చేసి చూశారని ఎదుటివారికి అర్థమవుతుంది. డీహెచ్‌సీపీ చిరునామా ఇచ్చే డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్‌నాలెడ్జ్ అన్న నాలుగు మెట్లను అందరూ అప్పజెబుతారు. వాటిలో మొదటిదానికి జవాబు రాకపోతే యూజర్ తెరపై ఏం కనిపిస్తుందో చెప్పగలిగేవారు తక్కువ.

రెండో ఉదాహరణగా అకౌంట్ లాక్ సమస్యను తీసుకోండి, ఎందుకంటే ఇది దాదాపు ప్రతి ఇంటర్వ్యూలోనూ వస్తుంది. "యాక్టివ్ డైరెక్టరీలో (కంపెనీ యూజర్ అకౌంట్లు ఉండే చోట) అన్‌లాక్ చేశాం, పది నిమిషాల్లో మళ్లీ లాక్ అయింది. ఎందుకు?" అని అడుగుతారు. మళ్లీ అన్‌లాక్ చేస్తానని చెప్పేవారు అక్కడే ఆగిపోతారు. ఇక్కడ కూడా మొదట ప్రశ్నే వేయాలి: "పాస్‌వర్డ్ ఈ మధ్య మార్చుకున్నారా?" మార్చుకుని ఉంటే పాత పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడో మిగిలి ఉంటుంది. ఫోన్‌లోని మెయిల్ యాప్‌లో ఉండవచ్చు, మ్యాప్ చేసిన డ్రైవ్‌లోనో, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లోనో ఉండవచ్చు, మరో కంప్యూటర్‌లో మూయకుండా వదిలేసిన రిమోట్ సెషన్‌లోనూ ఉండవచ్చు. అది మాటిమాటికీ తప్పుడు పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తూ అకౌంట్‌ను లాక్ చేయిస్తుంది. ఆ అకౌంట్లను చూసుకునే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో 4740 అనే ఈవెంట్ చూస్తే ఏ కంప్యూటర్ వల్ల లాక్ అయిందో పేరుతో సహా ఉంటుంది. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి. అయితే దాన్ని జవాబులో మొదటే చెప్పకుండా, కారణాలు వివరించిన తరువాత చెప్పండి.

ప్రింటర్, అవుట్‌లుక్ ప్రశ్నలకు ఎక్కువ సమయం పెట్టనక్కరలేదు. ప్రింట్ పనులను వరుసలో పెట్టే ప్రింట్ స్పూలర్‌ను ఆపి, క్యూ ఖాళీ చేసి తిరిగి ప్రారంభించడం, అవుట్‌లుక్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి యాడ్‌ఇన్‌ల సంగతి తేల్చుకోవడం, అది మెయిల్ దాచుకునే ఓఎస్‌టీ ఫైలుకూ పీఎస్‌టీ ఫైలుకూ తేడా తెలిసి ఉండడం చాలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ అవసరమన్న విషయం అడుగుతారు. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే బిట్‌లాకర్ గురించి మాత్రం శ్రద్ధగా చదవండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ విడుదల చేసిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. వాటిలో చాలావాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లోకి తీసుకువెళ్లి సరిచేయవలసి వచ్చింది. బిట్‌లాకర్ ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ దొరికితే తప్ప పని ముందుకు సాగలేదు. ఆ కీ ఎక్కడ భద్రపరుస్తారు, దాన్ని ఎవరికి చెప్పవచ్చు అన్నవి ఇప్పుడు సర్వసాధారణమైన ప్రశ్నలు.

"ఎవరికి చెప్పవచ్చు" అన్న భాగాన్ని నేను చాలా తీవ్రంగా తీసుకుంటాను. "ఒక పెద్ద అధికారి ఫోన్ చేసి, మీటింగ్‌లో ఉన్నాను, వెంటనే నా పాస్‌వర్డ్ రీసెట్ చేయండి అని గద్దించారు. ఏం చేస్తారు?" అని తప్పక అడుగుతాను. మర్యాదగానే మాట్లాడుతూ, గుర్తింపు నిర్ధారణ పూర్తి కాకుండా రీసెట్ చేయలేనని చెప్పాలి. రికార్డులో ఉన్న నంబరుకు తిరిగి ఫోన్ చేయడమో, మేనేజర్ ద్వారా నిర్ధారించుకోవడమో జరగాలి. 2023 సెప్టెంబరులో అమెరికాలోని హోటళ్ల, క్యాసినోల సంస్థ ఎంజీఎం రిసార్ట్స్‌పై జరిగిన సైబర్ దాడిలో దుండగులు ఉద్యోగిగా నటించి హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేశారని వార్తలు వచ్చాయి. ఆ దాడి వల్ల సుమారు 10 కోట్ల డాలర్ల దెబ్బ తగిలిందని ఆ సంస్థే ప్రకటించింది. సాంకేతిక ప్రశ్నల్లో ఒకటి రెండు తప్పినా నేను ఒప్పుకుంటాను కానీ, ఈ ప్రశ్నలో తప్పినవారిని తీసుకోను.

ఇక ఈ పది రోజుల్లో ఏం చేయాలంటే, పీడీఎఫ్ పక్కన పెట్టి, ఒకే కంప్యూటర్‌లో మరికొన్ని కంప్యూటర్లను (వర్చువల్ మెషిన్లను) నడిపించే వర్చువల్‌బాక్స్‌ను మీ కంప్యూటర్‌లో పెట్టుకోండి. అది ఉచితంగానే దొరుకుతుంది. విండోస్ సర్వర్‌ను 180 రోజుల పాటు పరీక్షించి చూసుకునే ఎవాల్యుయేషన్ కాపీని మైక్రోసాఫ్టే ఇస్తుంది. దానిలో ఒక డొమైన్ (ఒకే సర్వర్ అదుపులో నడిచే కంప్యూటర్ల, అకౌంట్ల సమూహం) ఏర్పాటు చేసి, మరో వర్చువల్ మెషిన్‌ను ఆ డొమైన్‌లో చేర్చండి. తరువాత కావాలనే పాడుచేయండి. డీహెచ్‌సీపీ సర్వీస్ ఆపి ఏ చిరునామా వస్తుందో చూడండి, తప్పుడు డీఎన్‌ఎస్ ఇచ్చి ఏది పనిచేస్తుందో ఏది ఆగిపోతుందో రాసుకోండి, ఒక అకౌంట్‌ను లాక్ చేసి 4740ను మీ కళ్లతో చూడండి.

నేను మొదటిసారి తప్పిన తరువాత సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పాత డెస్క్‌టాప్ కొని, దాన్ని విప్పుతూ బిగిస్తూ రెండు నెలలు గడిపాను. ఆపివేసిన ప్రతిసారీ దాని తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయేది. బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ చెల్లదని హెచ్చరిక వచ్చేది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ మార్చితే సరిపోతుందని తెలియడానికి నాకు మూడు రోజులు పట్టింది. తరువాతి ఇంటర్వ్యూలో "ఒక యూజర్‌కు అన్ని సైట్లూ సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తున్నాయి" అన్నారు. "ఆ ఒక్క కంప్యూటర్‌లోనేనా? దాని తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా?" అని అడిగాను. ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

పాడుచేసి బాగుచేసిన ప్రతి దానికీ టికెట్ రాసినట్లే నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి: యూజర్ ఏమన్నారు, మీరు ఏం చూశారు, ఏం చేశారు, సమస్య తీరినట్లు ఎలా నిర్ధారించుకున్నారు. ఇన్సిడెంట్‌కూ (ఉన్నది పాడవడం) సర్వీస్ రిక్వెస్ట్‌కూ (ఏదైనా కావాలని అడగడం) తేడా, ఎంతమందిపై ప్రభావం ఉంది, ఎంత అత్యవసరం అన్న రెంటినీ బట్టి ప్రయారిటీ నిర్ణయించడం అప్పుడు సహజంగా బోధపడతాయి. నేను నల్గొండ జిల్లాలో తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ని కనుక ఇంగ్లీషు గురించి మీ భయం నాకు తెలుసు. ఈ ఉద్యోగానికి గొప్ప ఇంగ్లీషు అక్కరలేదు. ఎదుటివారు చెప్పినది విని, "మీరు చెప్పింది ఇదేనా" అని ఒకసారి నిర్ధారించుకుని, చిన్న వాక్యాల్లో తరువాతి మెట్టు చెప్పగలిగితే చాలు. మీ స్నేహితుణ్ని మరో గదిలో కూర్చోబెట్టి, ఫోన్‌లో ఇంగ్లీషులోనే అతనిచేత ప్రింటర్ జోడింపజేయండి. తెర మీకు కనిపించకూడదు. రోజుకు ఒకసారి చొప్పున ఇలా చేస్తే నాలుగో రోజుకే తేడా మీకు తెలుస్తుంది.

రెజ్యూమేలో రెండేళ్ల అనుభవం ఉన్నట్లు పెట్టిస్తామని ఎవరైనా చెబితే దయచేసి ఒప్పుకోకండి. పీఎఫ్ ఖాతాకు, ఉద్యోగం మారినా మారని యూఏఎన్ అనే నంబరు ఉంటుంది కనుక ఎక్కడ, ఎంతకాలం పనిచేశారో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేలికగా బయటపడుతుంది. చేరిన మూడో నెలలో ఈ కారణంగానే వెళ్లిపోవలసి వచ్చిన ఒక కుర్రవాణ్ని నేను చూశాను. అతను పనిలో మంచివాడు, అందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అనుభవం లేదని చెప్పి, ఇంట్లో మీరు కట్టుకున్న ఆ చిన్న డొమైన్ గురించి చెప్పండి. అందులో ఏం పాడుచేశారో, ఎలా కనిపెట్టారో వినడం నాకైతే ఇష్టం.

తెలియని ప్రశ్న వచ్చినప్పుడు "ఇది నేను చేయలేదు, కానీ మొదట ఫలానాది చూస్తాను, తేలకపోతే నేను చూసినదంతా రాసి ఎల్2కు (పై స్థాయి బృందానికి) పంపుతాను" అనండి. రాత్రి షిఫ్టులు ఎలా మారుతాయో, క్యాబ్ ఉంటుందో లేదో, ఉద్యోగం కంపెనీ పేరు మీదా కాంట్రాక్టు మీదా అన్నవి చివరలో మీరే అడగండి, అందులో తప్పేమీ లేదు. బయటికి వచ్చాక బస్సు ఎక్కేలోగా, జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలన్నీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి.