ఒక గిటార్, రెండు ఆంప్‌లు: స్విచ్ బాక్స్ ఇంట్లో చేసుకోవచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదే కదా. చర్చిలో క్లీన్ సౌండ్‌కి ఒక ఆంప్ (యాంప్లిఫయర్), డిస్టార్షన్‌కి ఇంకొకటి పెట్టుకున్నావు, పాట మధ్యలో జాక్ పీకి మార్చలేక చస్తున్నావు, కొందామంటే బాక్స్ ఖరీదు, మరి ఇంట్లో చేసుకోవచ్చా అని. శుభ్రంగా చేసుకోవచ్చు. నేను రెండు చేశాను. మొదటిది పారేశాను, రెండోది ఆరేళ్లుగా రాజోలు, మలికిపురం వైపు స్టేజీలన్నీ నాతోనే తిరుగుతోంది. స్విచ్ కట్టడం ఒక సాయంత్రం పని. హమ్ మాత్రం, అంటే ఆంప్‌లోంచి వచ్చే గుయ్ మనే మోత, నా మూడు నెలలు తినేసింది.

ముందు పెట్టె. మొదట ప్లాస్టిక్ స్వీట్ బాక్స్‌లో కట్టాను, ట్యూబ్‌లైట్ వేస్తే చాలు జుయ్ మనేది. తర్వాత అమ్మ పాత పోపుల డబ్బా మీద పడ్డాను, ఆ స్టీలు పల్చన, కాలితో నొక్కితే మూత లోపలికి పోయింది (ఇంట్లో పడిన తిట్లు వేరే లెక్క). చివరికి గోడలో స్విచ్‌బోర్డు కింద బిగించే ఇనప బాక్స్ కొని, పైన మందపాటి అల్యూమినియం రేకు వేసి, గ్రిల్ షాపులో కన్నాలు పెట్టించాను. మాది సముద్రానికి దగ్గర, ఉప్పుగాలికి ఏడాదిలోనే తుప్పు మొదలైంది. అందుకని పెయింట్ వేసుకో, కానీ ఇన్‌పుట్ జాక్ కూర్చునే చోట మాత్రం గీకెయ్, లేకపోతే పెట్టెకి గ్రౌండ్ (సిగ్నల్ తిరిగి వెళ్లే కామన్ వైరు) అందదు.

స్విచ్ తొమ్మిది కాళ్లది తీసుకో, త్రీపీడీటీ ఫుట్‌స్విచ్ అంటే ఇస్తారు. మూడు వరసలుంటాయి. మొదటి వరసలో మధ్య కాలు ఇన్‌పుట్‌కి, అటూ ఇటూ ఏ, బీ జాక్‌లకి (ఏ ఒక ఆంప్‌కి వెళ్లేది, బీ రెండోదానికి). అంతటితోనే పని జరుగుతుంది గానీ, వాడని ఆంప్ కేబుల్ ఎటూ కాకుండా వేలాడి బుసకొడుతూ ఉంటుంది. అందుకే రెండో వరస మధ్య కాలు గ్రౌండ్‌కి వేసి చివర్లు తారుమారుగా కలుపు, ఏ మోగుతున్నప్పుడు బీ గ్రౌండ్‌కి పోవాలి, బీ మోగితే ఏ పోవాలి. మూడో వరస ఏ ఆంప్ మోగుతోందో చూపించే ఎల్ఈడీలకి, దాని మధ్య కాలు కూడా గ్రౌండ్‌కే. 9 వోల్టుల బ్యాటరీ, ఒక్కో ఎల్ఈడీకి 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ చాలు. ఇన్‌పుట్‌కి స్టీరియో జాక్ పెట్టి బ్యాటరీ నెగటివ్‌ని దాని రింగ్ అనే కాలికి కలిపితే గిటార్ కేబుల్ తీయగానే లైటు ఆరిపోతుంది, బ్యాటరీ మిగులుతుంది.

రెండు ఆంప్‌లూ ఒకేసారి మోగాలంటే ఇంకో స్విచ్ కావాలి. ఇక్కడ నేను బోల్తా పడ్డాను. ఏ, బీ రెండిటినీ ఉత్తినే కలిపేశాను, అటు రెండో వరస ఒకదాన్ని గ్రౌండ్ చేస్తోంది కాబట్టి మొత్తం సౌండే పోయింది, ఆదివారం పొద్దున్న అందరూ నావైపే చూస్తున్నారు. ఆ స్విచ్ ఆరు కాళ్లది వేసుకో, ఒక వరస ఏ, బీలని కలిపితే అదే నొక్కుకి రెండోది ఆ గ్రౌండ్ వైరుని తెంపాలి.

ఇక హమ్. రెండు ఆంప్‌లకీ ప్లగ్గులో ఎర్త్ ఉంది, రెండు కేబుళ్ల షీల్డులు (లోపలి వైరు చుట్టూ ఉండే గ్రౌండ్ అల్లిక) నీ పెట్టెలో మళ్లీ కలుస్తున్నాయి, అంటే అదొక రింగ్ అయిపోయింది. దాంట్లో కరెంటు తిరిగి గుయ్ మంటుంది. ఎవరో ఒకరు చెబుతారు, ఒక ఆంప్ ఎర్త్ పిన్ను తీసేయ్ అని. నేనూ విన్నాను. హమ్ పోయింది కూడా. తర్వాత వానాకాలంలో ఒక రాత్రి మీటింగు, కాలవ గట్టు పక్కన టెంటు, కింద తడి, జనరేటర్ కరెంటు. ఆ రోజు ఆ ఒక్క ఆంపే తీసుకెళ్లాను. గిటార్ తీగల మీద చెయ్యి ఉంచి మైకు దగ్గరికి వెళ్లానో లేదో పెదవి మీద ఫట్ మని కొట్టింది. ఆంప్‌లో లీకైన కరెంటు ఎర్త్ లేక తీగల్లోకి వచ్చింది, మైకుకి ఎర్త్ ఉంది, మధ్యలో నేను. బతికి బయటపడ్డాను గనక ఇది రాస్తున్నాను. ఎర్త్ పిన్ను జోలికి వెళ్లకు. మన వైపు మూడు కన్నాల సాకెట్లు ఉంటాయి గానీ చాలా ఇళ్లలో ఆ పై కన్నం వెనక వైరే ఉండదు, ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించు.

సరైన మార్గం ఏంటంటే, రెండు ఆంప్‌లూ ఒకే బోర్డుకి పెట్టు, దాంతోనే కొంత తగ్గుతుంది. మిగతాదానికి బీ వైపు ఒకటికి ఒకటి ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ వెయ్యి, 10 కిలో ఓమ్‌కి 10 కిలో ఓమ్ అని అడుగు. సౌండ్ దాటుతుంది, గ్రౌండ్ దాటదు. బీ జాక్ ప్లాస్టిక్ బాడీది అయి తీరాలి, మెటల్‌ది వేస్తే పెట్టె ద్వారా గ్రౌండ్ మళ్లీ కలిసిపోయి డబ్బు దండగ. గిటార్‌ని నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తే సౌండ్ చప్పబడుతుంది, ముందు ఒక బఫర్ (సిగ్నల్ బలం పడిపోకుండా నిలబెట్టే చిన్న సర్క్యూట్) ఉండాలి. నేను బాస్ (Boss) కంపెనీ ట్యూనర్ పెడల్ పెట్టుకున్నాను, అది ఆఫ్‌లో ఉన్నా బఫర్ పనిచేస్తూనే ఉంటుంది.

ఖర్చు ట్రాన్స్‌ఫార్మర్ కాకుండా నాకు వెయ్యి లోపే అయింది.

ఈ పెట్టె గిటార్‌కి, ఆంప్ ఇన్‌పుట్‌కి మధ్యన మాత్రమే. రెండు ఆంప్‌లని ఒక స్పీకర్‌కి మార్చుకోవడానికి దీన్ని వాడావనుకో, ట్యూబ్ ఆంప్ అయితే స్పీకర్ లేకుండా ఒక్క క్షణం నడిచినా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

రెండూ కలిపి వాయించినప్పుడు సౌండ్ పెరగకపోగా బేస్ పోయి పల్చగా వినిపిస్తే కంగారుపడకు, ఫేజ్ తిరగబడిందన్నమాట, అంటే ఒక స్పీకర్ బయటికి నెడుతుంటే ఇంకోటి లోపలికి లాగుతోంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆంప్ వైపున్న రెండు వైర్లూ అటూ ఇటూ మార్చెయ్.