ఫైట్ అయిపోయింది సరే, ఎవరు ఎవర్ని కొట్టారండీ?

(ఈ వారం ఉత్తరాల్లో సగం యాక్షన్ సినిమాల మీద విసుగే, అందుకే అన్నీ ఒకేచోట వేస్తున్నాం)

ప్రశ్న: ఈమధ్య ఏ యాక్షన్ థ్రిల్లర్‌కెళ్ళినా ఫైట్ మొదలయ్యాక ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియట్లేదండీ. మా ఆవిడేమో కళ్ళజోడు మార్చుకోమంటోంది. లోపం నా కళ్ళల్లోనా, సినిమాలోనా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కళ్ళజోడు ఖర్చు ముందు ఆపండి సార్. ఇప్పుడు ఒక్క గుద్దుకి మూడు కట్లు (అంటే ఒక షాట్ ఆపి ఇంకో షాట్‌కి మారడం) పడుతున్నాయి, చెయ్యి లేవడం ఒక షాట్, తగలడం ఇంకోటి, వాడు వెళ్ళి పడ్డం మూడోది, పైగా కెమెరా ఊగిపోతూ ఉంటుంది, ఇక ఇవన్నీ మన బుర్ర ఎప్పుడు అతికించుకోవాలి చెప్పండి. డేవిడ్ బోర్డ్‌వెల్ అని అమెరికాలో సినిమా ప్రొఫెసర్ ఉండేవారు, ఆయన లెక్క ప్రకారం 1930 నుంచి 1960 దాకా హాలీవుడ్‌లో ఒక్కో షాట్ సగటున 8 నుంచి 11 సెకన్లు ఉండేదట, 2007లో వచ్చిన ‘ది బోర్న్ అల్టిమేటమ్’లో అది 2 సెకన్లకి దిగిపోయింది. ఆ సినిమా బాగుంటుంది, నాకు దాంతో పేచీ లేదు, పులిని చూసి వాతలు పెట్టుకున్న నక్కలతోనే బాధంతా. ‘టేకెన్ 3’లో లియామ్ నీసన్ ఒక కంచె దూకుతాడు, ఆ కాస్త ముక్కకి డజనుకి పైగా కట్లు! దూకింది కంచె సార్, సముద్రం కాదు.

ఇదంతా ఎందుకంటే దాచడానికి. హీరోకి ఫైట్ నేర్చుకునే డేట్లు ఉండవు, డూప్ చేస్తాడు, డూప్ మొహం కనపడకూడదు కాబట్టి వీపు ఒక ముక్క, హీరో క్లోజప్ ఒక ముక్క తీసి ఎడిటింగ్‌లో అతుకులేస్తారు. ‘జాన్ విక్’ (2014) తీసిన చాడ్ స్టహెల్‌స్కీ అసలు స్టంట్‌మ్యానే, ‘ది మాట్రిక్స్’లో కియాను రీవ్స్‌కి డూప్‌గా చేసినాయన, అందుకని హీరోకే ట్రైనింగ్ ఇప్పించి కెమెరాని వెనక్కి జరిపి నిలబెట్టాడు, మనిషి తల నుంచి కాళ్ళ దాకా కనపడతాడు.

అలాగని కట్లు ఎక్కువైతే చెడిపోయినట్టేనా అంటే కాదు. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015)లో కట్లే కట్లు, కానీ జార్జ్ మిల్లర్ మనం చూడాల్సినదాన్ని వీలైనంత వరకు ఫ్రేమ్ మధ్యలోనే ఉంచాడు, షాట్ మారినా కన్ను వెతుక్కోనక్కర్లేదు. ఎడిటింగ్ చేసిన మార్గరెట్ సిక్సెల్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు.

ప్రశ్న: హీరో నలభైమందిని కొడితే మా అబ్బాయి విజిలేస్తున్నాడు, ఇదెలా కుదురుతుందిరా అంటే ‘సినిమాలో లాజిక్ వెతక్కమ్మా’ అంటున్నాడు. మీరేమంటారు?
– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఈ విషయంలో నేను మీ అబ్బాయి వైపేనమ్మా, నలభై కాదు నాలుగొందలమందిని కొట్టనివ్వండి. కానీ హీరోకి ఏదో ఒకటి తక్కువవ్వాలి కదా, ఊపిరో, బుల్లెట్లో, టైమో. ఇప్పటి హీరోకి ఏదీ తక్కువవదు, చొక్కా కూడా నలగదు, ఓడిపోతాడేమో అన్న భయం లేనప్పుడు థ్రిల్లర్ అని పోస్టర్ మీద వేసుకోవడం ఎందుకు. ‘డై హార్డ్’ (1988) వీలైతే మీవాడికి చూపించండి. మొదట్లోనే విమానంలో పక్క సీటాయన, ప్రయాణం బడలిక పోవాలంటే బూట్లు విప్పి ఉత్త కాళ్ళతో కార్పెట్ మీద నడవమని సలహా ఇస్తాడు, బ్రూస్ విల్లిస్ అలా చేస్తుండగానే దొంగలు బిల్డింగ్‌లో పడతారు, ఇక సినిమా మొత్తం ఉత్త కాళ్ళే. విలన్ అది చూసి, అద్దాలు పేల్చమని తన మనిషికి చెప్తాడు. తర్వాత హీరో బాత్రూంలో కూర్చుని అరికాల్లో గాజుపెంకులు పీక్కుంటుంటే మన కాలు జివ్వుమంటుంది. అంత పెద్ద బిల్డింగ్ కథని ఒక జత బూట్లు నడిపించాయి.

మనవాళ్ళకి రాదా అంటే ఎందుకు రాదు, ‘శివ’ (1989)లో సైకిల్ మీద పాపనెక్కించుకుని నాగార్జున సందుల్లో తొక్కే చేజ్ గుర్తుందా? ముందు పాప కూర్చుని ఉంది, వెనక రౌడీలు, సైకిల్ ఎంత స్పీడు పోతుందో మనకి తెలుసు, అంతకంటే ఏం కావాలి. ఆ డైరెక్టర్ మీ ఊళ్ళో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినాయనే.

ప్రశ్న: ఒక సినిమాలో కారు బెంజ్ సర్కిల్ దగ్గర మలుపు తిరిగి నెక్స్ట్ షాట్‌లోనే దుర్గగుడి ఫ్లైఓవర్ మీద ఉంది. ఇదేం అన్యాయమండీ?
– ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: బెజవాడ ట్రాఫిక్‌లో రోజూ తిరిగే మీకు కుళ్ళు పుట్టడం సహజమే. కానీ దీన్ని క్షమించెయ్యండి, బయట ఊరివాళ్ళకి ఆ తేడా తెలీదు. క్షమించకూడనిది ఏంటంటే అసలు ముందు కారుకీ వెనక కారుకీ ఎంత దూరం ఉందో చూపించకపోవడం, అది తెలియకపోతే దొరుకుతాడా లేదా అని మనం టెన్షన్ పడేదెక్కడ, పైన డ్రోన్ షాటూ కింద టైరు క్లోజప్పూ తప్ప ఇంకేం చూపించనప్పుడు.

ప్రశ్న: సౌండ్ దెబ్బకి మా చిన్నది ఇంటర్వెల్ కాకుండానే ఏడుపు మొదలెట్టింది. పరిష్కారం?
– ఓ పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: సీన్‌లో భయం లేనప్పుడు రీరికార్డింగ్‌లో (అదే, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌లో) సౌండ్ పెంచుతారమ్మా. వెనక వరసల్లో, స్పీకర్‌కి దూరంగా మధ్య సీట్లు తీసుకోండి, స్క్రీన్ మొత్తం ఒక్కసారే కంటికి ఆనుతుంది కాబట్టి ఆ కట్ల గోల కూడా కాస్త తగ్గుతుంది. పాప మరీ చిన్నదైతే మాత్రం అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్ళండి.