ఫు క్వోక్‌లో సాయంత్రం స్క్విడ్ వేట: డబ్బుకి తగ్గట్టు ఉంటుందా?

మీరు అడిగింది ఇది: సంక్రాంతి సెలవుల్లో వియత్నాంలోని ఫు క్వోక్ దీవికి వెళ్తున్నారు, హోటల్ వాళ్ళు సాయంత్రం స్క్విడ్ (ఆక్టోపస్‌ని పోలిన సముద్రజీవి) ఫిషింగ్ బోటు ట్రిప్ తీసుకోమంటున్నారు. వెంట ఎనిమిదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు, శాకాహారి అయిన మీ శ్రీమతి ఉన్నారు. నిజంగా ఏమైనా పడుతుందా, లేక డబ్బు దండగా?

వెళ్ళండి. కాకపోతే బుట్టనిండా పట్టుకొద్దామని మాత్రం వెళ్ళకండి. ఇరవై మంది ఎక్కే గ్రూప్ బోటులో అందరికీ కలిపి నాలుగైదు స్క్విడ్లు పడితే ఆ రోజు బాగా పడినట్టే. అసలు వేటకి వెళ్ళే బోట్లు రాత్రంతా సముద్రం మీదే ఉంటాయి. మనం గాలం వేసేది మహా అయితే రెండు గంటలు. "గ్యారంటీగా పడతాయి సార్" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. నాకూ ఒక ఏజెంటు అలాగే చెప్పాడు. ఆ రోజు పున్నమికి ముందు రోజుల్లో ఒకటి, బోటంతటికీ ఒక్కటీ పడలేదు. ఎందుకు పడట్లేదని సైగ చేసి అడిగితే సరంగు ఏమీ మాట్లాడకుండా చంద్రుడి వైపు వేలు చూపించి, సిగరెట్ వెలిగించుకున్నాడు.

అందుకని ఏ ఏజెంటు, ఏ బోటు అని తలపట్టుకునే ముందు క్యాలెండర్ తీయండి. ఈ విషయంలో మనకి పెద్ద సౌలభ్యం ఉంది, ఇంట్లో గోడకి తిథులున్న క్యాలెండర్ ఎలాగూ వేలాడుతుంది. ఈ వేట మొత్తం లైటు మీద ఆధారపడినది. వెన్నెల నీళ్ళంతా పరుచుకుని ఉంటే బోటు లైటుకి ప్రత్యేకత ఉండదు. సాధారణంగా అందరూ "అమావాస్యకి వెళ్ళండి" అంటారు. అంత కచ్చితంగా అమావాస్యే అక్కర్లేదు. మనం గాలం వేసేది సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా. ఆ సమయానికి చంద్రుడు లేకపోతే చాలు. పున్నమి దాటాక చంద్రోదయం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. సంకష్టహర చతుర్థి ఉపవాసం చేసేవాళ్ళున్న ఇంట్లో ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు, చంద్రుడు కనిపించేసరికి ఎనిమిదిన్నరో తొమ్మిదో అవుతుంది కదా. కాబట్టి బహుళ చవితి నుంచి అమావాస్య దాకా మీకు పనికొస్తాయి. ఆ తర్వాత ఇంకో నాలుగైదు రోజులు కూడా, చంద్రుడు ఉన్నా సన్నటి నెలవంకే కనుక, ఫరవాలేదు. శుద్ధ అష్టమి నుంచి పున్నమి దాకా మాత్రం సూర్యుడు దిగేసరికే చంద్రుడు నడినెత్తి మీదో తూర్పునో సిద్ధంగా ఉంటాడు. మీరున్న రోజులు అందులో పడితే స్క్విడ్ మీద ఆశ పెట్టుకోకుండా సూర్యాస్తమయం కోసం వెళ్ళండి.

రెండోది గాలి. దీవి థాయిలాండ్ సింధుశాఖలో ఉంది. బోట్లు ఎక్కువగా పడమటి వైపు డువాంగ్ డాంగ్ నుంచి గానీ, దక్షిణం కొసన ఉన్న ఆన్ థోయ్ రేవు నుంచి గానీ బయల్దేరతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, దీవే అడ్డుగా ఉంటుంది కనుక పడమటి తీరం నెమ్మదిగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి నేరుగా ఆ తీరానికే కొడుతుంది. సంక్రాంతి అంటే మంచి కాలమే, మీకు ఆ బెంగ లేదు.

ట్రిప్ ఎలా నడుస్తుందంటే, నాలుగు, నాలుగున్నరకి హోటల్ దగ్గర వ్యానెక్కిస్తారు. ఐదు ప్రాంతంలో బోటు కదులుతుంది. ఆ రోజుల్లో ఆరు ప్రాంతంలో సూర్యుడు దిగిపోతాడు. డువాంగ్ డాంగ్ వైపు నుంచి వెళ్తే ఏటి ముఖద్వారం దగ్గర బండరాళ్ళ మీద డిన్ కావ్ గుడి, దాని పక్కన లైట్‌హౌస్ కనిపిస్తాయి, ఫోటోలు అక్కడే తీసుకోండి. తర్వాత లంగరు వేసి, జనరేటర్ ఆన్ చేసి, బోటు పక్కలకి వేలాడదీసిన లైట్లు వెలిగిస్తారు. ధర బోటుని బట్టి, సీజన్‌ని బట్టి మారుతుంది. రూపాయికి సుమారు మూడు వందల డాంగ్‌లు (వియత్నాం కరెన్సీ) అనుకుంటే లెక్క తేలిక. రాత్రి భోజనం, హోటల్‌కి తిరిగి దింపడం అందులోనే ఉన్నాయో లేదో అడగండి చాలు.

ఇక గాలం సంగతి. రాడ్లు అవీ పెద్దగా ఉండవు. ప్లాస్టిక్ చక్రానికి చుట్టిన నైలాన్ దారం, చివర రొయ్య ఆకారంలో ఉన్న రంగుల ఎర చేతికిస్తారు. ఆ ఎర తోక దగ్గర సన్నటి సూదులు పైకి తిరిగి గుండ్రంగా ఉంటాయి. మామూలు గాలానికి ఉండే ముల్లు వీటికి ఉండదు. అంటే ఒకసారి తగులుకున్నాక దారం వదులైతే చాలు, స్క్విడ్ జారి వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళు అందరూ చేసే పని ఏమిటంటే, బాగా వెలుతురున్న చోటే దారం వేస్తారు. స్క్విడ్ లైటు కోసం రాదండీ. లైటుకి సూక్ష్మజీవులు చేరతాయి, వాటి కోసం చిన్న చేపలు వస్తాయి, ఆ చేపల కోసం స్క్విడ్ వస్తుంది. వచ్చి వెలుగులో నిలబడదు, బోటు నీడ అంచున పొంచి ఉంటుంది. వెలుగు అయిపోయి చీకటి మొదలయ్యే గీత ఉంటుంది చూడండి, ఎర అక్కడ దిగాలి.

అడుగు తగిలేదాకా వదిలి, కొంచెం పైకి తీసి, చిన్నగా ఒకటి రెండు సార్లు గుంజి ఆపండి. ఆ ఆపడం ముఖ్యం. ఎర మెల్లగా కిందకి దిగేటప్పుడే అది పట్టుకుంటుంది. చేప కొరికినట్టు టకటకమని ఏమీ తెలియదు, నీళ్ళు నిండిన ప్లాస్టిక్ కవరేదో దారానికి చిక్కుకున్నట్టు బరువు వస్తుంది, అంతే. అప్పుడు కంగారుపడి గట్టిగా లాగకండి, పట్టుకున్న ఆ సన్నటి చేతులు తెగిపోతాయి. అలాగని ఆపనూ వద్దు, ఒకే వేగంతో లాగుతూ ఉండండి. నీటి మీదకి వచ్చాక వెంటనే లోపలికి తేకండి. రెండు మూడు క్షణాలు బోటు బయటే పట్టుకుంటే నీళ్ళూ సిరా అన్నీ అక్కడే చిమ్మేస్తుంది. లేకపోతే పక్కనున్నవాళ్ళ చొక్కా మీద పడుతుంది, ఆ మరక ఒక పట్టాన పోదు. తెల్ల బట్టలు వేసుకోవద్దని ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నాను.

ఒక్కటి పడినా బాబుని దగ్గరికి పిలిచి చూపించండి. నీళ్ళలోంచి తీసిన కొత్తలో దాని ఒళ్ళు దాదాపు గాజులా ఉంటుంది. చూస్తుండగానే చర్మం మీద ఇటుకరంగు చుక్కలు విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి, మళ్ళీ విచ్చుకుంటాయి. తల నుంచి తోక దాకా అలలాగా రంగు పరుగెడుతుంది. ప్రతి చుక్కా ఒక చిన్న రంగు సంచి, దాని చుట్టూ ఉన్న కండరాలు లాగితే పెద్దదవుతుంది, వదిలితే చుక్కంత అవుతుంది. వేలితో ముట్టుకుంటే ఆ చోట రంగు మారుతుంది. బకెట్‌లో వేసిన కాసేపటికి కూడా ఈ ఆట ఆగదు. దానికి మూడు గుండెలని, రక్తంలో ఇనుముకి బదులు రాగి ఉంటుంది కనుక ఆ రక్తం నీలంగా ఉంటుందని చెప్తే పిల్లలు ఇక ఫోను అడగరు. మరీ చిన్నవి పడితే తిరిగి నీళ్ళలో వదిలేయమని అడగండి. చాలా రకాల స్క్విడ్‌లకి ఆయుష్షే ఏడాదికి అటూ ఇటూ, పెరిగి గుడ్లు పెట్టేదాకా వాటిని ఉండనివ్వాలి కదా.

ఒక పక్క మాట. మాది కాకినాడ వైపు. లైటు పెట్టి వేటాడటం చూస్తే అందుకే కొంచెం మనసు పీకుతుంది. మన దేశంలో ప్రత్యేక ఆర్థిక మండలి జలాల్లో, అంటే తీరానికి దూరంగా మన దేశానికి చేపల వేట హక్కులున్న సముద్రంలో, ఎల్ఈడీ లైట్లతో చేపలు పట్టడాన్ని కేంద్రం 2017 నవంబరులో నిషేధించింది. పెద్ద బోట్లు లైట్లు పెట్టి, పెద్దవీ పిల్లలూ తేడా లేకుండా వలతో ఎత్తేస్తే చిన్న పడవల వాళ్ళకి ఏమీ మిగలదు. చేతి దారంతో ఒక్కొక్కటి పట్టే టూరిస్టు బోటు దానితో సమానం కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. చీకటి పడ్డాక దూరంగా నీళ్ళ అంచున వరసగా వెలిగే దీపాలన్నీ మాత్రం అసలు వేట బోట్లవే.

వాంతుల సంగతి ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. బోటు నడుస్తున్నంతసేపూ అందరూ హుషారుగానే ఉంటారు. ఇంజిన్ ఆపి లంగరు వేశాక మొదలవుతుంది అసలు కథ. ఆగిన బోటు అటూ ఇటూ ఊగుతుంది, పైగా జనరేటర్ డీజిల్ వాసన. ఘాట్ రోడ్డు ప్రయాణంలో ఇబ్బంది పడేవాళ్ళు ఎవరైనా ఉంటే అవోమిన్ లాంటి మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుని లాభం లేదు. నిద్రమత్తు వస్తుంది, పిల్లలకీ పెద్దవాళ్ళకీ మాత్రం ఇక్కడే మీ డాక్టర్‌ని అడిగి డోసు కనుక్కోండి. కింది అంతస్తులో, బోటు మధ్యలో, పొగ రాని వైపు కూర్చోండి. చీకట్లో నీళ్ళ అంచు కనపడదు కాబట్టి ఆ దూరపు బోట్ల దీపాల మీద చూపు నిలపండి, ఫోను వైపు చూశారో అంతే సంగతులు. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, నాలుగింటికి రెండు ఇడ్లీలంత తేలికగా ఏదైనా తినండి.

తిండి విషయానికొస్తే, పడిన స్క్విడ్లు సరిపోవు కనుక వాళ్ళు ముందే కొన్నవి తెచ్చుకుంటారు, అందులో మోసమేమీ లేదు. అల్లం వేసి ఆవిరి మీద ఉడికించినవి ఇస్తారు. పక్కన ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసం కలిపిన చిన్న గిన్నె. ఫు క్వోక్ మిరియాలకి పేరున్న దీవి, ఆ పొడి ఘాటు చూశాక నేను అర కేజీ మిరియాలు కొనుక్కొచ్చాను. చివర్లో స్క్విడ్ ముక్కలేసిన బియ్యం జావ వేడివేడిగా పోస్తారు. గాలికి తడిసి ఉన్నప్పుడు అది గొంతు దిగుతుంటే ఆ హాయే వేరు. ఉప్పూ కారం తక్కువనిపిస్తే ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి చల్లుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మీ శ్రీమతికి మాత్రం బోటు మీద తిండి దొరుకుతుందనుకోకండి. "ఆన్ చాయ్" అంటే శాకాహారం అని అక్కడివాళ్ళకి అర్థమవుతుంది, కానీ ముక్కలు తీసేసిన అదే జావ ఇచ్చే అవకాశం ఉంది. పైగా ఆ దీవి నుయోక్ మామ్ అనే చేపల సాస్‌కి ప్రసిద్ధి. 2012లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకి ప్రాంతీయ గుర్తింపు కూడా ఇచ్చింది. కూరగాయల వంటకంలో కూడా ఆ సాస్ పడుతుంది. పులిహోరో చపాతీలో డబ్బాలో పెట్టుకెళ్ళడమే మేలు.

అమ్మగారిని తీసుకెళ్ళొద్దనే నా సలహా. రేవులో బోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టి ఉంటాయి. కొన్నిసార్లు ఒక బోటులోంచి ఇంకో దాంట్లోకి దాటాలి, మధ్యలో వేసే చెక్క కదులుతుంటుంది. టాయిలెట్ ఇరుకు, మెట్లు నిటారు. మోకాళ్ళు బాగున్న నాకే తిరిగి దిగేటప్పుడు ఇద్దరు చేయి అందించాల్సి వచ్చింది. మీ శ్రీమతికి స్క్విడ్ మీద అంత ఆసక్తి లేకపోతే అత్తగారూ కోడలూ డిన్ కావ్ దగ్గర సూర్యాస్తమయం చూసి, అక్కడికి దగ్గర్లోనే ఉన్న నైట్ మార్కెట్‌లో తిరగొచ్చు. మీరూ బాబూ బోటెక్కండి.

బాబుని తీసుకెళ్తున్నారు కనుక ఇంకొక్క మాట. 2025 జులైలో హా లాంగ్ బేలో ఉన్నట్టుండి వచ్చిన గాలివానకి టూరిస్టు పడవ బోల్తాపడి చాలామంది పోయారు. అది వేరే చోటు, వేరే కాలం, భయపడి మానుకోమని చెప్పడం లేదు. కానీ గాలి బాగా లేదని వాళ్ళు ట్రిప్ రద్దు చేస్తే గొడవ పెట్టుకోకండి, వాళ్ళే వెళ్దామన్నా మీకు అనుమానంగా ఉంటే మానేయండి. రద్దయితే డబ్బు వాపసు ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది ముందే మెసేజ్‌లో రాయించుకోండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందా అని కూడా అప్పుడే అడిగి ఫోటో పంపమనండి. పెద్దవాళ్ళది వేసి తాడు బిగించి సరిపెట్టేవాళ్ళుంటారు, అలాంటి జాకెట్ నీళ్ళలో పిల్లాడి తల మీద నుంచి జారిపోతుంది. ఫోటో పంపకపోతే వేరే బోటు చూసుకోండి, ఆ దీవిలో బోట్లకేం కొదవ లేదు.