నీ లెఫ్టినెంటు కాళ్ళు ఏవీ?

అమ్మాయ్,

నీ కార్గిల్ యుద్ధం కథ చదివాను. దాడికి ముందు నీ లెఫ్టినెంటు జవాన్లను పోగేసి అరపేజీ ఉపన్యాసం దంచాడు చూడూ, అక్కడ కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. పదహారు వేల అడుగుల ఎత్తు, వీపు మీద మూట, నాలుగడుగులకే ఆయాసం. అక్కడ అంత మాట ఎలా వస్తుందమ్మా? అదీ పైన మెషిన్‌గన్ పెట్టుకు కూర్చున్నవాడికి వినపడేలా! రాజ్‌పుతానా రైఫిల్స్ రెజిమెంటు నినాదం 'రాజా రామచంద్ర కీ జై'. దాడికి ఆ మాత్రం చాలు.

పైగా 1999 జూన్ 28 రాత్రి అని తేదీ వేసి, చిమ్మచీకటి అన్నావు. ఆ రోజు ఏరువాక పున్నమి. మన ఊళ్ళలో ఎద్దుల కొమ్ములకు రంగులు పూసిన రోజున, ద్రాస్‌లో మనవాళ్ళు నిండు వెన్నెల్లో కొండెక్కారు. పంచాంగం చూడకుండా రాత్రి గురించి రాయకు.

ఆ రాత్రే కెప్టెన్ కెంగురూసె పోయాడు. నాగాలాండ్ కుర్రాడు, పాతికేళ్ళు నిండలేదు. అసలు సర్వీస్ కోర్ మనిషి, అంటే సైన్యానికి తిండీ పెట్రోలూ అందించే విభాగం. అక్కణ్ణుంచి పదాతిదళానికి వచ్చి, రెండో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో ఘాతక్ ప్లటూన్‌ను, అంటే ముందుండి మెరుపుదాడి చేసే చిన్న దళాన్ని, నడిపాడు. చరియ మీది మెషిన్‌గన్ ఒకటి దారులన్నీ కాస్తోంది. ఎక్కుతుండగానే ఆయన కడుపులో తునకలు దిగాయి. చివర్న నిట్టనిలువు బండ, బూట్లకు పట్టు దొరకడం లేదు. విప్పేశాడు. రాకెట్ లాంచర్‌తో సహా వట్టికాళ్ళతో ఎక్కి బంకర్ మీద పేల్చాడు. రైఫిల్‌తో ఇద్దర్ని, కత్తితో ఇద్దర్ని చంపి, తూటా తగిలి లోయలో పడిపోయాడు. మహావీర్ చక్ర ఇచ్చారు.

నీ లెఫ్టినెంటుకి కళ్ళు నాలుగుసార్లు ఎర్రబడ్డాయి. కాళ్ళు ఒక్కసారైనా కనబడలేదు. యుద్ధం కథలో నాకు కాళ్ళు కావాలి.

కోడంబాకంలో అద్దె గదిలో అనువాదాలు చేసుకు బతికే రోజుల్లో నేనూ 71 యుద్ధం మీద ఒక కథ రాశాను. కింది వాటాలో ఉండే రిటైర్డు హవల్దారు చెప్పిన సంగతులే. ఆయన శౌర్యం ఊసెత్తేవాడు కాదు. తడిసిన సాక్సు మార్చకపోతే వేళ్ళు ఎలా నల్లబడతాయో మాత్రం గంటసేపు చెప్పేవాడు, చెప్పులోంచి కాలు తీసి చూపించి మరీ. ఎడిటరు చదివి, "సాక్సు తీసెయ్యండి, తల్లి వీరతిలకం దిద్దే సీను పెట్టండి, ఆగస్టు పదిహేనుకి వేసుకుంటాం" అన్నాడు. నేను పెట్టలేదు, ఆయన వేసుకోలేదు. ఆ సంచికలో ఇంకెవరిదో తిలకం కథ బొమ్మతో సహా వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇప్పటివాళ్ళు తిలకం మానేసి ట్రైలర్ డైలాగులు రాస్తున్నారు, అంతే తేడా.

వైర్‌లెస్ కుర్రాడు బిస్కట్లు తీసేసి ఆ చోట తూటాలు కుక్కుకునే వాక్యం బాగుంది. ఉంచు.

చెన్నైలో నువ్వుండే వేళచ్చేరికి పరంగిమలై ఎంత దూరం? ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీ అక్కడే. మన హైదరాబాదు మేజర్ పద్మపాణి ఆచార్య అక్కడ తయారైనవాడే. కెంగురూసెది, ఈయనదీ ఒకే పటాలం, అదే రాత్రి పోయాడు. ఆ చుట్టుపక్కల రిటైరైనవాళ్ళు బోలెడుమంది ఉంటారు. ఎవరినైనా పట్టుకుని కాళ్ళ గురించి అడుగు. ధైర్యం గురించి అడిగితే కాఫీ ఇచ్చి పంపేస్తారు.

పోటీకి పంపాలా, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ఆ ఉపన్యాసం కొట్టెయ్. తిరగరాశాక అక్షరాలు పెద్దవి చేసి ప్రింటు తియ్యి. ఆపరేషన్ అయిన కన్ను ఇంకా కుదురుకోలేదు.